రాత్రి కరెంటు చౌకైతే మన ఇంటికి లాభమేనా? నెల్లూరులో ఒక ఇంటి లెక్క

ఇళ్లలో వైరింగ్ చూడడం, లోడ్ లెక్కగట్టడం, కరెంటు ఖర్చు ఎక్కడ పోతోందో పట్టుకోవడం నా పని. ఈ మధ్య ఎవరింటికి వెళ్లినా ఒకటే ప్రశ్న. “స్మార్ట్ మీటరు వస్తే రాత్రి పూట యూనిట్ చౌక అంటున్నారు, మనకు కలిసొస్తుందా?” ఒక్క ముక్కలో అవును, కాదు అని చెప్పే ప్రశ్న కాదిది. కానీ ఏ ఇంటికైనా ఒక కాగితం, ఒక పెన్నూ ఉంటే తేలిపోయేదే. వేదాయపాలెంలోని ఒక ఇంటికి ఎలా తేల్చామో వివరంగా రాస్తున్నాను.

ఇల్లు రెండంతస్తులది, మీటరు ఒకటే. రిటైరైన లెక్కల మాస్టారు, ఆయన భార్య, కొడుకు, కోడలు, చిన్న మనవరాలు. రెండు ఏసీలు, రెండూ టన్నున్నరవే. కింద గదిలోది పాతది, పైన పిల్లల గదిలోది ఇన్వర్టర్ రకం. పాత ఫ్రిజ్, పదిహేను లీటర్ల గీజర్, సంపు నుంచి మిద్దె మీది ట్యాంకుకు నీళ్లెక్కించే ఒక హెచ్‌పీ మోటరు, వాషింగ్ మెషిన్, దోసెల పిండి గ్రైండర్, కొడుకు ఆఫీసుకు వెళ్లే ఎలక్ట్రిక్ స్కూటర్. కరెంటు పోతే ఫ్యాన్లు తిరగడానికి 150 ఏహెచ్ బ్యాటరీతో ఒక ఇన్వర్టర్.

మాస్టారి కూతురు ఇంగ్లండులోని లెస్టర్‌లో ఉంటుంది. అసలు సంగతి అక్కడ మొదలైంది. వాళ్లింట్లో ఎకానమీ సెవెన్ అనే పద్ధతి ఉంది. రాత్రి ఏడు గంటలు యూనిట్ బాగా చౌక, మిగతా పదిహేడు గంటలు మామూలు రేటు కన్నా ఎక్కువ. 1978 నుంచీ అక్కడ నడుస్తున్నదే. “అమ్మాయి రాత్రి మీటరు అంటోందయ్యా. ఇక్కడ కూడా పెట్టిస్తే సగం బిల్లు తగ్గదా? మా ఏసీలు నడిచేదే రాత్రి గదా” అన్నారు మాస్టారు. వాదన బాగానే ఉంది. వేసవిలో నెల్లూరు ఇంటి కరెంటు సగం నిద్రలోనే ఖర్చవుతుంది, నిజమే.

అయితే లెస్టర్ ఇంటికీ వేదాయపాలెం ఇంటికీ ఒక తేడా ఉంది. అక్కడ ఆ రేటుకు జోడీ స్టోరేజ్ హీటర్. లోపల ఇటుకలుంటాయి. రాత్రి చౌక కరెంటుతో వాటిని కాల్చి పెడితే, ఆ వేడిని పగలంతా మెల్లగా వదులుతాయి. వేడినీళ్ల ట్యాంకూ అంతే, రాత్రి కాగి పగలు వాడకానికొస్తుంది. అంటే వాళ్లు కరెంటును రాత్రి కొని పగలు వాడుకుంటారు. మన ఏసీ అలా చేయలేదు. మధ్యాహ్నం రెండింటికి కావాల్సిన చల్లదనాన్ని తెల్లవారుజామునే తయారుచేసి దాచే పెట్టె మన ఇళ్లలో లేదు. రాత్రి ఏసీ రాత్రే, పగటి ఏసీ పగలే.

అందుకే ఏ ఇంటికి వెళ్లినా నేను ముందు రాసేది వస్తువుల పట్టిక కాదు. దేనిలో నిల్వ ఉంటుంది, దేనిలో ఉండదు అన్నదే. ట్యాంకులో నీళ్లు నిలుస్తాయి, గీజర్లో వేడి కొంతసేపు నిలుస్తుంది, స్కూటర్ బ్యాటరీలో ఛార్జి నిలుస్తుంది, మాసిన బట్టలు బుట్టలో ఆగుతాయి. ఇవే గంటలు మార్చుకోగలవి. ఫ్రిజ్, ఫ్యాను, దీపాలు, టీవీ, వంట, ఏసీ ఎక్కడివక్కడే. గంటల రేటు, అంటే వాడిన గంటను బట్టి మారే యూనిట్ ధర, ఏ రూపంలో వచ్చినా, మీరు సొంతంగా సంపాదించుకునే లాభం ఆ నిల్వ ఉండే సామాన్ల దగ్గరే. మిగిలినదంతా అలవాటు కొద్దీ పడే లాభమో నష్టమో.

మీటరు దగ్గర

మాస్టారింట్లో ఉన్నది మామూలు మీటరు. అది మొత్తం యూనిట్లే చూపిస్తుంది, ఏ గంటలో ఎంత కాలిందో చెప్పదు. గంటల రేటు అమలు చేయాలంటే కంపెనీ వాళ్లకు గంటలవారీగా రాసుకునే మీటరు, అదే స్మార్ట్ మీటరు, కావాలి. కానీ మన లెక్క తేలడానికి అది అక్కర్లేదు. రోజుకు నాలుగుసార్లు మీటరు ముందు నిలబడి అంకె రాసుకుంటే చాలు. ఆ పని కోడలు తీసుకుంది. ఉదయం ఆరు, తొమ్మిది, సాయంత్రం ఐదు, రాత్రి పది. వంటింట్లో క్యాలెండరు పక్కన కాగితం అంటించి, దశాంశ స్థానంతో సహా రాసింది. ఎక్కువ మంది ఆ దశాంశం వదిలేస్తారు. మూడు గంటల్లో రెండు యూనిట్లు కాలే చోట దాన్ని వదిలేస్తే లెక్కకు అర్థం ఉండదు.

మే నెల, రోహిణి కార్తె ముందరి ఎండలు. సగటున రోజుకు తేలింది ఇది:

ఉదయం 6 నుంచి 9: 2 యూనిట్లు
ఉదయం 9 నుంచి సాయంత్రం 5: 3 యూనిట్లు
సాయంత్రం 5 నుంచి రాత్రి 10: 3 యూనిట్లు
రాత్రి 10 నుంచి ఉదయం 6: 7 యూనిట్లు

రోజుకు 15, నెలకు 450. రాత్రి ఏడులో దాదాపు ఆరు యూనిట్లు ఏసీలవే. అందులో పాతది మూడున్నర పైన తింటోంది, కొత్తది రెండున్నర లోపు. సాయంత్రం మూడులో ఒకటింపావు దాకా స్కూటర్‌ది. కొడుకు ఆఫీసు నుంచి రాగానే ప్లగ్గు పెట్టేస్తాడు.

ఇంక బిల్లు. మన రాష్ట్రంలో ఇంటి కనెక్షన్లకు 2022 నుంచి ఉన్న రేట్లు ఇవి: మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆ పైన రూ.9.75. పై శ్లాబులోకి వెళ్తే మొత్తం యూనిట్లకూ పై రేటు పడదు, దాటిన యూనిట్లకే పడుతుంది. దీన్ని చాలామంది తప్పుగా అనుకుంటారు. 401వ యూనిట్ కాలగానే బిల్లంతా తొమ్మిది ముప్పావు లెక్కన పడుతుందని భయపడేవాళ్లను చూశాను. అలా కాదు. 450 యూనిట్లకు కరెంటు ఛార్జీ రూ.3,036 అవుతుంది, సగటున యూనిట్‌కు రూ.6.75. ఎలక్ట్రిసిటీ డ్యూటీ, సర్దుబాటు ఛార్జీలు, కిలోవాట్‌కు పది రూపాయల ఫిక్స్‌డ్ ఛార్జీ దీని పైన. ఎన్ని యూనిట్లు, ఎంత లోడు అన్నదాన్ని బట్టి పడేవి అవి. గంటలు మార్చినందువల్ల తగ్గవు.

సగటు ఆరు ముప్పావు అన్నమాట నిజమే గానీ, మాస్టారు తగ్గించగలిగే యూనిట్ సగటు యూనిట్ కాదు. చివరి యాభై యూనిట్లకు ఆయన కడుతున్నది రూ.9.75. ఈ అంకెతో ముందు పని పడుతుంది.

రాత్రి రేటు పెట్టి చూస్తే

మాస్టారు అడిగినట్టే ఒక ఊహా లెక్క వేశాం. రాత్రి పది నుంచి ఆరు వరకు 20 శాతం తక్కువ, మిగతా పదహారు గంటలూ 10 శాతం ఎక్కువ అనుకున్నాం. ఈ శాతాలు నేను గాలిలోంచి తీసినవి కాదు. ఎక్కడివో కింద చెప్తాను. లెక్క సులువుగా ఉండాలని సగటు రేటు మీదే వేశాం.

మేలో రాత్రి యూనిట్లు 210. వాటి మీద మిగిలేది రూ.283. మిగతా 240 యూనిట్ల మీద అదనంగా కట్టేది రూ.162. నికరంగా రూ.121 లాభం. మాస్టారి మొహం వెలిగింది.

“డిసెంబరు బిల్లు తీయండి మాస్టారూ” అన్నాను.

డిసెంబరులో 210 యూనిట్లు కాలాయి, కరెంటు ఛార్జీ రూ.927. ఏసీలు మూసి పెట్టారు, గీజర్ నడిచింది. గంటలవారీ అంకెలు లేవు కాబట్టి ఏ వస్తువు ఎప్పుడు నడుస్తుందో ఇంట్లో వాళ్లను అడిగి అంచనా కట్టాం. రాత్రి పూట ఫ్రిజ్, ఒకటి రెండు ఫ్యాన్లు తప్ప ఏమీ లేవు, మహా అయితే 36 యూనిట్లు. వాటి మీద మిగిలేది ముప్పై రెండు రూపాయలు, మిగతా 174 యూనిట్ల మీద అదనంగా పడేది డెబ్బై ఏడు. నెలకు నలభై ఐదు రూపాయలు ఎదురు కట్టాలి.

మే లాంటి నెలలు ఏడు, డిసెంబరు లాంటివి ఐదు అనుకుంటే ఏడాదికి ఆరు వందల చిల్లర మిగులుతుంది. అదీ ఏసీ నడిచే ప్రతి నెలా మే అంత మండితేనే. వానాకాలం నెలల్ని మే కింద కట్టడం మనల్ని మనం మోసం చేసుకోవడమే, కాబట్టి అంతకన్నా తక్కువే. వేసవి బిల్లు ఒక్కటి చూసి గంటల రేటు మీద నిర్ణయం తీసుకోకూడదని చెప్పడానికే డిసెంబరు కాగితం తీయించాను. ఇక్కడ ఏసీ ఇల్లు అంటే ఏడాదిలో రెండు వేరు వేరు ఇళ్లు.

చౌక గంటలు రాత్రేనా?

ఇంతవరకూ లెక్క అంతా ఊహే. నిజంగా వచ్చేది వేరేలా ఉండేట్టుంది. కేంద్రం 2023 జూన్‌లో విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలను సవరించింది. పది కిలోవాట్లు దాటిన వ్యాపార, పారిశ్రామిక కనెక్షన్లకు 2024 ఏప్రిల్ 1 నుంచి, వ్యవసాయం తప్ప మిగతా అందరికీ 2025 ఏప్రిల్ 1 లోగా గంటల రేట్లు ఉండాలని, స్మార్ట్ మీటరు పెట్టగానే అవి అమల్లోకి రావాలని అందులో ఉంది. రేట్లు ఖరారు చేసేది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్ర నియంత్రణ మండలి. అయితే ఆ నియమాల్లో చౌక అన్నది రాత్రికి రాయలేదు. రోజులో ఎండ కరెంటు వచ్చే ఎనిమిది గంటల్ని సోలార్ గంటలుగా గుర్తించి, వాటిలో మామూలు రేటు కన్నా కనీసం 20 శాతం తక్కువ ఉండాలన్నారు. పీక్ గంటల్లో, అంటే వాడకం బాగా పెరిగే గంటల్లో, ఇళ్లలాంటి కనెక్షన్లకు కనీసం 10 శాతం ఎక్కువ. నేను పైన వాడిన శాతాలు ఇవే, తగ్గింపును రాత్రికి మార్చి వేశానంతే. తగ్గింపు, పెంపు రెండూ కరెంటు ఛార్జీ మీదే.

మాస్టారికి ఇది మింగుడుపడలేదు. “కరెంటు మిగిలేది రాత్రి గదా?” అన్నారు. ఆయనది కనిగిరి వైపు పల్లె. త్రీఫేజ్ కరెంటు అర్ధరాత్రి ఇచ్చే రోజుల్లో వాళ్ల నాన్న టార్చిలైటు పట్టుకుని బావి దగ్గరకు మోటరు వేయడానికి వెళ్లడం ఆయనకు గుర్తుంది. రాత్రి కరెంటంటే ఆ ఊళ్లో పాముకాటు భయం. ఆ కాలానికి ఆ లెక్క సరిపోయింది. కృష్ణపట్నం దగ్గర నేలటూరులో ఉన్నలాంటి బొగ్గు ప్లాంటును రాత్రి ఆపి పొద్దున వెలిగించడం కుదరదు. బాయిలరు చల్లారితే మళ్లీ వేడెక్కించడానికి గంటలు పడుతుంది, నూనె ఖర్చు, యంత్రానికి దెబ్బ. అందుకే జనం పడుకున్నాక మిగిలే కరెంటును చౌకగానైనా, వంతుల వారీగానైనా ఎవరికో ఒకరికి ఇవ్వాలి.

ఇప్పుడు కర్నూలు, అనంతపురం వైపు సోలార్ పార్కులు వచ్చాయి. కర్నూలు పార్కు ఒక్కటే వెయ్యి మెగావాట్లది. ఎండ ఉన్నంతసేపూ కరెంటు వచ్చి పడుతుంది, పొద్దు వాలగానే ఆగిపోతుంది, సరిగ్గా అప్పుడే ఊళ్లన్నీ దీపాలు వేస్తాయి. రైతులకు తొమ్మిది గంటల కరెంటును పగటికి మార్చింది కూడా ఈ మార్పుతో కలిసివచ్చేదే. మాస్టారి తమ్ముడు ఇప్పుడు మోటరు వేసేది టిఫిన్ తిన్నాక.

నా వృత్తిలో కళ్లారా చూసే ఇంకో సంగతి. రాష్ట్రం లెక్క ఎలా ఉన్నా, మన వీధి ట్రాన్స్‌ఫార్మరుకు మే నెలలో అసలైన పీక్ రాత్రి పదిన్నర. అన్ని ఇళ్ల ఏసీలూ ఒకేసారి మొదలవుతాయి. వీధి చివరి ఇంట్లో వోల్టేజి 190కి పడిపోవడం నేను మీటరు పెట్టి చూసిందే. రాత్రి అంతా ఖాళీ, అందుకే చౌక అన్న మాట నెల్లూరు వేసవికి అతకదు.

సరే, పగలు చౌక అన్న పద్ధతితో మళ్లీ లెక్క వేశాం. ఉదయం తొమ్మిది నుంచి ఐదు చౌక, సాయంత్రం ఐదు నుంచి పది పీక్, మిగతాది మామూలు రేటు అనుకున్నాం. మేలో ఏమీ మార్చకుండా ఉంటే చౌక గంటల్లో 90, పీక్‌లో 90 యూనిట్లు. రూ.121 తగ్గి, రూ.61 పెరిగి, అరవై రూపాయలు మిగులుతుంది. డిసెంబరులో చౌక గంటల్లో 36, పీక్‌లో 72. తగ్గింది, పెరిగింది రెండూ ముప్పై రెండే. సరిగ్గా సున్నా.

దీన్నుంచి ఎవరైనా వాడుకోదగ్గ సూత్రం ఒకటి దొరుకుతుంది. తగ్గింపు 20, పెంపు 10 అయితే, చౌక గంటల యూనిట్లు పీక్ యూనిట్లలో సగం కన్నా ఎక్కువుంటే లాభం, తక్కువైతే నష్టం. శాతాలు మారితే నిష్పత్తి మారుతుంది. తగ్గింపు శాతాన్ని చౌక యూనిట్లతో, పెంపు శాతాన్ని పీక్ యూనిట్లతో గుణించి ఏది పెద్దదో చూడడమే. పగలంతా తాళం వేసి ఉండే, భార్యాభర్తలిద్దరూ ఆరింటికి వచ్చి వంట, గీజర్, వాషింగ్ మెషిన్, టీవీ అన్నీ ఒకేసారి మొదలెట్టే ఇంటికి ఇది నష్టం. పెద్దవాళ్లు పగలు ఇంట్లో ఉండే మాస్టారి లాంటి ఇంటికి ఫరవాలేదు.

కదిలించి చూశాం

కొడుకు ఉత్సాహవంతుడు. కాగితం లెక్క చూడగానే ఓ రాత్రి పది కొట్టగానే స్కూటర్, మోటరు, వాషింగ్ మెషిన్ అన్నీ వేశాడు, ఏసీలు ఎలాగూ ఉన్నాయి. మర్నాడు నేను మీటరు బటన్ నొక్కి గరిష్ఠ డిమాండ్ చూస్తే 4.6 కిలోవాట్లు. వాళ్ల ఒప్పంద లోడు, అంటే కనెక్షన్‌కు కంపెనీ దగ్గర రాయించుకున్న లోడు, మూడు. మీటరు ఆ క్షణం అంకెను పట్టుకోదు, దాని అమరికను బట్టి పావుగంట లేదా అరగంట సగటు రాసుకుంటుంది. కాబట్టి ఇది క్షణకాలం పొంగు కాదు, నిజంగా లాగిన లోడు. అది పదే పదే దాటితే అదనపు లోడు కట్టించుకోమని నోటీసు వస్తుంది. నెలవారీ ఫిక్స్‌డ్ ఛార్జీ పెరిగేది తక్కువే, కానీ డెవలప్‌మెంట్ ఛార్జీలు, డిపాజిట్ ఒక్కసారిగా కట్టాలి. నెలకు ఇరవై ముప్పై రూపాయల కోసం వేలు కట్టుకున్నట్టవుతుంది. చౌక గంట మొదలవగానే అన్నిటినీ అందులోకి కుక్కకూడదు, ఒకదాని తర్వాత ఒకటి రావాలి. మంచి ముహూర్తం ఉందని ఊళ్లో పెళ్లిళ్లన్నీ ఒకే రోజు పెట్టుకుంటే కల్యాణ మండపాలు దొరకనట్టే.

అమ్మగారి అభ్యంతరం వేరే. “నాయనా, అర్ధరాత్రి గ్రైండరేసేదేంది, ఎదురింటోళ్లు ఊరుకుంటారా?” అన్నారు. న్యాయమే. రాత్రి మోటరు వేసి పడుకుంటే ట్యాంకు నిండి మిద్దె మీంచి నీళ్లు పోతుంటే చూసేదెవరు? ఆటోమేటిక్ కంట్రోలర్ ఉంటే సరే, వీళ్లకు లేదు.

చివరికి నిలబడింది ఇది. మోటరు, బట్టలు ఉతకడం ఉదయం తొమ్మిది దాటాక. ఈ పని రెండు రోజుల్లో అలవాటైపోయింది, ఎవరికీ కష్టం లేదు. స్కూటర్ పగలు ఆఫీసులో ఉంటుంది కాబట్టి పగటి చౌక దానికి పనికిరాదు. రాత్రి పది దాటాక మొదలయ్యేలా పదహారు ఆంపియర్ల టైమర్ పెట్టాం. ఛార్జింగ్ వరండాలో, మంచి ఎర్త్ ఉన్న సాకెట్ దగ్గర. పడకగదిలో, మెట్ల కింద, తలుపు దారికి అడ్డంగా లిథియం బ్యాటరీని రాత్రి ఛార్జి పెట్టడం నేను ఏ ఇంట్లోనూ ఒప్పుకోను, రేటు ఎంత చౌకైనా సరే. ఈ మార్పులతో పగటి చౌక పద్ధతిలో మే నెల లాభం అరవై నుంచి నూట ఇరవై దాకా వస్తుంది.

కొడుకు ఇంకో ఆలోచన కూడా చేశాడు. ఇన్వర్టర్ బ్యాటరీని చౌక గంటల్లో నింపి, పీక్‌లో దాని మీద ఫ్యాన్లు, దీపాలు నడిపితే? వినడానికి బాగుంటుంది. 150 ఏహెచ్ బ్యాటరీలో సగం వాడితే 0.9 యూనిట్. దాన్ని తిరిగి నింపడానికి దాదాపు 1.2 యూనిట్లు పోతాయి, మధ్యలో వేడిగా పోయేదాన్నీ కలిపి. చౌక రేటున నింపడానికి ఆరు రూపాయల నలభై ఎనిమిది పైసలు, పీక్‌లో తప్పించుకున్నది ఆరు అరవై ఎనిమిది. రోజుకు ఇరవై పైసల లాభం కోసం పది వేలు దాటిన బ్యాటరీని రోజూ అరగదీయడం.

అసలు డబ్బు ఎక్కడుందంటే

గంటలు మార్చితే వచ్చేది వంద రూపాయల ముచ్చట అని తేలాక, ఏసీల దగ్గర కూర్చున్నాం. కింద గదిలో పాతది 21 మీద పెట్టి, దుప్పటి కప్పుకుని పడుకుంటున్నారు. 2020 జనవరి నుంచి అమ్మే ఏసీలకు 24 డిగ్రీలే డిఫాల్ట్‌గా ఉండాలని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెప్పిన నియమం ఈ పాతదానికి వర్తించదు, అది అంతకు ముందుది. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు ఆరు శాతం కరెంటు తగ్గుతుందన్నది బీఈఈ లెక్క. 25 మీద పెట్టి ఫ్యాను రెండో నంబరులో తిప్పమన్నాను. మొదటి రాత్రి మాస్టారికి నిద్ర పట్టలేదట. అమ్మగారికి మాత్రం మోకాళ్ల నొప్పి తగ్గిందట, రెంటికీ సంబంధం ఉందో లేదో నేను చెప్పలేను. ఫిల్టర్లు కడిగించాం, కిటికీ సందులకు రబ్బరు పట్టీ వేయించాం, పైన కూడా రెండు డిగ్రీలు పెంచారు.

కోడలి కాగితంలో రాత్రి అంకె ఏడు నుంచి 5.7కు దిగింది. నెలకు 39 యూనిట్లు. ఈ 39 తగ్గేది సగటు రేటున కాదు, పైనుంచి, అంటే యూనిట్‌కు రూ.9.75 చొప్పున. మూడు వందల ఎనభై రూపాయలు. ఏ స్మార్ట్ మీటరూ, ఏ టారిఫ్ మార్పూ అక్కర్లేకుండానే.

కరెంటును మామూలు గంట నుంచి చౌక గంటకు జరిపితే దాని ధరలో ఐదో వంతు మిగులుతుంది. అసలు కాల్చకపోతే మొత్తం ధర, అదీ పై శ్లాబు ధర, మిగులుతుంది. నాలుగు వందలు దాటే ఇళ్లకు నేను ముందు తగ్గించమని, తర్వాత జరపమని చెప్పేది ఇందుకే. నెలకు నూరు యూనిట్లు కాల్చే చిన్న ఇంటికి ఈ రెండింటితోనూ పెద్దగా పనిలేదు. వాళ్లు సగటున యూనిట్‌కు మూడు రూపాయలే కడుతున్నారు. గంటలు చూసుకుంటూ టెన్షన్ పడడం అనవసరం.

జూన్ బిల్లు 398 యూనిట్లు వచ్చింది, కరెంటు ఛార్జీ రూ.2,531. మే కన్నా ఐదు వందల ఐదు తక్కువ. మధ్యలో వాన పడి రెండు మూడు రాత్రులు ఏసీ వేయలేదు కాబట్టి అదంతా మా గొప్పే అని చెప్పుకోను. పాత ఏసీ మార్చాలా అని అడిగారు. ఈ ఏడాది వద్దన్నాను. గ్యాస్ నింపాలని మెకానిక్ చెప్పిన రోజున ఆ డబ్బు పెట్టకుండా కొత్తది కొనమన్నాను.

మాస్టారి బావమరిదికి ముత్తుకూరు వైపు రొయ్యల చెరువులున్నాయి. ఈ లెక్కలన్నీ విని, అసలు రాత్రి రేటు కావాల్సింది తనకని నవ్వాడు. నిజమే. చీకటి పడ్డాక నాచు ఆక్సిజన్ ఇవ్వదు, తెల్లవారేసరికి నీళ్లలో అది అడుగంటుతుంది, అందుకే ఏరేటర్లు రాత్రంతా తిరగాలి. కానీ ఆక్వా జోన్లలో అర్హత ఉన్న రైతుకు యూనిట్ రూపాయిన్నరకే ఇస్తున్నారు. గంటల తగ్గింపు కన్నా ఆ అర్హత పోకుండా చూసుకోవడమే ఆయనకు ముఖ్యం.

మాస్టారి ఇంటికి నేను రాసిచ్చిన నిర్ణయం: రాత్రి రేటు అని ఎవరైనా ఐచ్ఛికంగా తెచ్చినా ఇప్పుడు మారవద్దు. ఏడాదికి మిగిలేది కొంచెమే, చలికాలంలో ఎదురు కట్టాల్సి వస్తుంది. పగటి చౌక పద్ధతి వస్తే భయపడనక్కర్లేదు, ఇల్లు దానికి ఇప్పటికే సర్దుకుంది.

మీటరు మార్చే రోజున చూసుకోవాల్సినవి కూడా అదే కాగితం కింద రాశాను. పాత మీటరు చివరి రీడింగు ఫోటో తీసుకోవాలి. కొత్త మీటరు తెరమీద తేదీ, టైము వచ్చేదాకా బటన్ నొక్కి, చేతి గడియారంతో సరిచూడాలి. గంటల రేటులో మీటరు గడియారం అరగంట వెనకుంటే స్కూటర్ ఛార్జింగ్ మొదటి అరగంట పీక్‌లో పడుతుంది. చౌక గంటలు, పీక్ గంటలు ఏవో, ఆదివారాలకూ అవే వర్తిస్తాయో లేదో, తగ్గింపు ఏ శ్లాబు రేటు మీద కడతారో టారిఫ్ ఆర్డరు ప్రతిలో చదవాలి, ఎవరో చెప్పిన మాట మీద పోకూడదు. మిద్దె మీద సోలార్ పెట్టే ఆలోచన మాస్టారికి ఉంది, మూడు కిలోవాట్లకు పీఎం సూర్యఘర్ కింద రూ.78,000 సబ్సిడీ వస్తుంది. దానికి సంతకం చేసే ముందు, మధ్యాహ్నం గ్రిడ్‌కు పంపిన యూనిట్‌ను రాత్రి వాడిన యూనిట్‌తో సరిసమానంగా సర్దుతారా, లేక గంటల రేటు లెక్కన తగ్గించి సర్దుతారా అన్నది రాతపూర్వకంగా తెచ్చుకోమన్నాను. ఆ జవాబును బట్టి రెండు కిలోవాట్లు చాలో మూడు కావాలో మళ్లీ కూర్చుని లెక్క వేద్దామనుకున్నాం.